నీటి లెక్క రైతు చేతికొస్తే...

బోరుబావుల మీద బతికే పల్లెల్లో భూమి లోపల నీరు ఎంత ఉందో ఎవరికీ కనిపించదు. ఆ కనిపించని నీటిని కొలవడం రైతులే నేర్చుకుంటే ఏమవుతుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో శాస్త్రవేత్తలు, రైతులు కలిసి చేసిన ప్రయత్నం ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. దాని విజయాల నుంచీ, లోటుపాట్ల నుంచీ కూడా నేర్చుకోవలసింది చాలా ఉంది.

వానాకాలం ముగిసి అక్టోబరు వచ్చేసరికి రాయలసీమ, పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బోరు ఉన్న ప్రతి రైతూ ఒక నిర్ణయం తీసుకోవాలి. రబీలో వరి నాటాలా, వేరుశనగ వేయాలా, పప్పుశనగతో సరిపెట్టుకోవాలా? అసలు ఎన్ని ఎకరాలు సాగు చేయాలి? వరి నాటితే ఇంటికి తిండిగింజలు, పశువులకు గడ్డి వస్తాయి. అయితే ఫిబ్రవరిలో పొలం పొట్ట దశకు వచ్చినప్పుడు బోరు ఆగిపోతే పెట్టుబడి మొత్తం పోతుంది. చాలామంది రైతులు అలాంటప్పుడు ఇంకో బోరు వేయిస్తారు. అందులో నీరు పడకపోతే మరొకటి. పంట కంటే ముందు అప్పు పెరుగుతుంది.

ఈ నిర్ణయానికి రైతు దగ్గర ఉన్న ఆధారాలు తక్కువ. నిరుడు బోరు ఎంత పోసింది, ఈ ఏడు చెరువు ఎంత నిండింది, పక్క పొలం వాళ్లు ఏం నాటుతున్నారు అన్నవే అతనికి తెలిసిన లెక్కలు. కొత్త బోరు ఎక్కడ వేయాలో చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేవారినో, వేపపుల్ల పట్టుకుని పొలమంతా తిరిగేవారినో పిలిపిస్తారు. నేల కింద నీరు ఎంత ఉందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

రాతి కింద దాగిన చిన్న గిన్నె

దక్కన్ పీఠభూమిలో అధిక భాగం గట్టి రాతి ప్రాంతం. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ చోట్ల నేల కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్లే. గంగా మైదానంలో వందల మీటర్ల మందాన పేరుకున్న ఇసుక, ఒండ్రు పొరలు పెద్ద స్పాంజిలా నీటిని దాచుకుంటాయి. గట్టి రాతిలో ఆ సౌకర్యం లేదు. పైన కొన్ని మీటర్ల నుంచి ఇరవై, ముప్పై మీటర్ల వరకు శిథిలమైన రాతి పొర ఉంటుంది. దాని కింద రాతిలో పగుళ్లు ఉంటాయి. నీరు ఉండేది ఈ రెండింటిలోనే. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. కాబట్టి బోరు రెట్టింపు లోతు వేసినంత మాత్రాన నీరు రెట్టింపు కాదు.

ఇలాంటి రాతి పొరలు తమ ఘనపరిమాణంలో సుమారు ఒకటి నుంచి మూడు శాతం నీటిని మాత్రమే బావులకు వదులుతాయి. రెండు శాతం అనుకుందాం. వానల్లో 60 మిల్లీమీటర్ల నీరు నేలలోకి ఇంకితే జలమట్టం మూడు మీటర్లు పైకి వస్తుంది. చూసేవారికి బావులు నిండినట్టే కనిపిస్తుంది. తోడటం మొదలుపెట్టాక అంతే వేగంగా పడిపోతుంది కూడా. అంటే ఇది త్వరగా నిండి, త్వరగా ఖాళీ అయ్యే చిన్న గిన్నె. ఆ గిన్నెలో వందల మోటార్లు ఒకేసారి గొట్టాలు పెట్టి తోడుతుంటాయి.

ఎవరి పొలంలో బోరు వారి సొంతం. కానీ లోపలి నీటికి పొలం గట్లు లేవు. ఒక రైతు పొదుపుగా వాడి మిగిల్చిన నీటిని పక్క రైతు మోటారు లాగేయవచ్చు. అందుకే ఎవరికి వారు ముందుగా తోడుకోవడమే తెలివైన పని అనిపిస్తుంది. అందరూ అలాగే ఆలోచిస్తే చివరికి అందరి బోర్లూ ఎండుతాయి.

ప్రభుత్వానికి కనిపించేది ఎంత?

ప్రపంచంలో భూగర్భ జలాలను అత్యధికంగా వాడే దేశం మనదే. 2024 జాతీయ అంచనా ప్రకారం దేశంలో ఏటా దాదాపు 245 శతకోటి ఘనపు మీటర్ల నీటిని భూమి నుంచి తోడుతున్నారు. అందులో సింహభాగం సాగుకే పోతుంది. ఈ నీటిని గమనించేందుకు కేంద్ర భూగర్భ జల మండలికి దేశవ్యాప్తంగా ఇరవై వేలకు పైగా పరిశీలన బావులున్నాయి. వాటిలో సాధారణంగా ఏడాదికి నాలుగు సార్లు కొలతలు తీస్తారు. రాష్ట్రాల భూగర్భ జల శాఖలకు వేరుగా తమ బావులు ఉన్నాయి.

దేశ విస్తీర్ణంతో పోలిస్తే కేంద్ర మండలి బావులు ఒక్కొక్కటీ వంద చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతానికి ప్రతినిధి అవుతాయి. ఒక జిల్లాలో పరిస్థితి దిగజారుతోందా, మెరుగుపడుతోందా అని చెప్పడానికి ఈ సమాచారం చాలు. గట్టి రాతిలో మాత్రం ఒక పొలంలో రెండంగుళాల నీళ్లు పోసే బోరుకు రెండు వందల గజాల దూరంలోనే చుక్క పడని బోరు ఉంటుంది. ఒక ఊరి రైతుకు ఈ రబీలో ఎంత సాగు చేయవచ్చో చెప్పాలంటే ఆ ఊళ్లోనే కొలవాలి, తరచూ కొలవాలి. అంతమంది సిబ్బందిని పంపడం ఏ శాఖకూ సాధ్యం కాదు.

చట్టానికీ ఇదే చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, బావుల నమోదు, బావుల మధ్య దూరం వంటి విషయాల్లో నిబంధనలు పెట్టింది. కానీ లక్షల బోర్ల దగ్గర ఎవరు ఎంత తోడుతున్నారో పైనుంచి చూడటం సాధ్యమయ్యే పని కాదు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు రావడంతో, ఎక్కువ తోడితే ఎక్కువ బిల్లు వస్తుందన్న జంకు కూడా పోయింది.

రైతులే పరిశీలకులు

ఈ నేపథ్యంలో 2003లో 'ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు' అనే ప్రాజెక్టు మొదలైంది. ఆంగ్ల పేరు పొడి అక్షరాలతో దీన్ని 'ఏపీఫామ్స్' అంటారు. అంతకు ముందు 1995 నుంచి నెదర్లాండ్స్ సాయంతో నడిచిన 'ఏపీవెల్' పథకం చిన్న, సన్నకారు రైతులకు వేల సంఖ్యలో బోర్లు వేయించింది. బోర్లు వేయడంతోనే పని పూర్తికాదనీ, నీరు నిలవాలంటే వాడకాన్ని గమనించుకోవాలనీ ఆ పథకంలో అర్థమైంది. కొత్త ప్రాజెక్టు అక్కడి నుంచే పుట్టింది. నెదర్లాండ్స్ నిధులతో మొదలై, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా 2010 ప్రాంతం వరకు కొనసాగింది. నంద్యాల కేంద్రంగా పనిచేసే భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ, ఇతర స్వచ్ఛంద సంస్థలతో కలిసి దీన్ని అమలు చేసింది.

అప్పటి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని 638 పల్లెల్లో ఇది నడిచింది. గ్రామాలను పాలనా సరిహద్దుల ప్రకారం కాక, నీటి సరిహద్దుల ప్రకారం చూడటం ఇందులో మొదటి ప్రత్యేకత. ఒక వాగులోకి నీరు చేరే ప్రాంతమంతా ఒక జల విభాగం. అలాంటి 63 జల విభాగాలను గుర్తించారు. ప్రతి పల్లెలో భూగర్భ జల యాజమాన్య కమిటీ, వాటన్నిటినీ కలుపుతూ జల విభాగం స్థాయిలో ఒక సంఘం ఏర్పడ్డాయి. మహిళలకూ కమిటీల్లో, కొలతల్లో చోటు కల్పించారు.

రెండో ప్రత్యేకత కొలతలు. రెండు వేలకు పైగా బావులను పరిశీలన కోసం ఎంచుకున్నారు. వానను నమోదు చేసేందుకు వర్షమాపకాలు అమర్చారు. శిక్షణ పొందిన రైతులు, స్త్రీలూ పురుషులూ, స్వచ్ఛందంగా మూడు రకాల కొలతలు తీసేవారు.

మొదటిది వాన. రోజూ ఉదయం వర్షమాపకంలో పడిన నీటిని కొలిచి పుస్తకంలో రాస్తారు.

రెండోది జలమట్టం. దీనికి వాడే పరికరం ఒక పొడవాటి టేపు. దాని కొసకు లోహపు ముక్క ఉంటుంది. బోరు లోపలికి వదిలినప్పుడు అది నీటిని తాకగానే విద్యుత్ వలయం పూర్తయి పైన చిన్న శబ్దం వస్తుంది. ఆ క్షణంలో టేపు మీద కనిపించే అంకె నీటి లోతు. పదిహేను రోజులకోసారి ఒకే బావిలో ఇలా కొలిస్తే, నీరు ఏ నెలలో ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో గీత గీసి చూపవచ్చు.

మూడోది బోరు ఎంత నీరు పోస్తోందన్న లెక్క. పరిమాణం తెలిసిన డ్రమ్మును మోటారు గొట్టం కింద పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే ఆ బోరు సెకనుకు రెండున్నర లీటర్లు పోస్తున్నట్టు. రోజుకు ఏడు గంటలు మోటారు నడిస్తే 63 వేల లీటర్లు. ఎకరా పొలానికి 50 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. అంటే ఆ బోరు ఎకరాను ఒక్కసారి తడపడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. ఈ చిన్న లెక్క వేసుకున్న రైతుకు తన బోరు కింద ఎన్ని ఎకరాలు పారుతాయో ఎవరూ చెప్పనక్కర లేదు.

కొలతలను పుస్తకాల్లో దాచేయకుండా ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డుల మీద రాసేవారు. 'రైతు నీటి బడుల'లో ఏడాది పొడవునా, వానాకాలం మొదలు నుంచి మళ్లీ వేసవి వరకు, రైతులు పదిహేను రోజులకోసారి కలుసుకుని ఆ అంకెల అర్థాన్ని చర్చించేవారు. అక్కడ ఉపన్యాసాలు తక్కువ. చదువు రానివారు కూడా పాల్గొనేలా చిన్న ప్రయోగాలు, నమూనాలు, పొలంలో పరిశీలనలే పాఠాలు.

ఊరి నీటి బడ్జెట్

ఏడాది మొత్తం మీద అతి ముఖ్యమైన సమావేశం వానాకాలం ముగిశాక, రబీ విత్తనాలకు ముందు జరిగేది. అదే పంటల నీటి బడ్జెట్. పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం.

ఒక జల విభాగం విస్తీర్ణం 500 హెక్టార్లు. ఆ ఏడు 600 మిల్లీమీటర్ల వాన పడింది. గట్టి రాతి ప్రాంతంలో అందులో పదో వంతు, అంటే 60 మిల్లీమీటర్లు భూమిలోకి చేరిందని అనుకుంటే, హెక్టారుకు 600 ఘనపు మీటర్ల చొప్పున మొత్తం మూడు లక్షల ఘనపు మీటర్లు. తాగునీటికీ, ఖరీఫ్‌లో ఇప్పటికే తోడిన దానికీ కలిపి 60 వేలు తీసేస్తే రబీకి మిగిలేది 2,40,000 ఘనపు మీటర్లు. ఇది ఊరి ఖాతాలోని నిల్వ.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. పంట నీటి అవసరం నేలను, వాతావరణాన్ని బట్టి మారుతుంది. స్థూలంగా రబీ వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500, పప్పుశనగకు 250 అనుకుంటే, ఉన్న నీరంతా వరికే పెడితే సుమారు 50 ఎకరాలకు సరిపోతుంది. అదే నీటితో వేరుశనగ 120 ఎకరాలు, పప్పుశనగ 240 ఎకరాలు పండించవచ్చు.

రైతులు ఈ రబీలో ఏం వేయాలనుకుంటున్నారో ఒక్కొక్కరినీ అడిగి బోర్డు మీద రాస్తారు. 40 ఎకరాల వరి, 100 ఎకరాల వేరుశనగ అని తేలిందనుకుందాం. కావలసిన నీరు దాదాపు నాలుగు లక్షల ఘనపు మీటర్లు. ఉన్నది 2,40,000. లోటు లక్షన్నరకు పైనే. ఆ లోటును తోడితే ఆ ప్రాంతంలో జలమట్టం సగటున మరో మీటరున్నర దిగుతుంది. లోతు తక్కువ బోర్లు ముందుగా ఆగిపోతాయి. అవి ఎక్కువగా చిన్న రైతులవే అయ్యే అవకాశం ఉంది. వరిని 10 ఎకరాలకు తగ్గించి, వేరుశనగ 60, పప్పుశనగ 70 ఎకరాల్లో వేస్తే మొత్తం సాగు అవే 140 ఎకరాలు. నీటి ఖర్చు మాత్రం ఉన్న నిల్వకు దాదాపు సరిపోతుంది.

నిజమైన లెక్క ఇంత సూటిగా ఉండదు. వరి మడి నుంచి కొంత నీరు తిరిగి భూమిలోకి ఇంకుతుంది. చెరువులు, కుంటల నుంచి ఊట వస్తుంది. పక్క ప్రాంతాల నుంచి ప్రవాహం ఉంటుంది. ఈ లెక్కలు కట్టే సూత్రాలు భూజల శాస్త్రవేత్తలవి. వాటిలో వేసే అంకెలు రైతులవి. ఏ కుంట ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎవరి మోటారు నడిస్తే ఎవరి బోరు నీళ్లు తగ్గుతాయి, ఏ వంక ఎటు పారుతుంది వంటివి ఊళ్లో ఉండేవారికే తెలుసు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా బడ్జెట్ కుదరదు.

ఆంక్షలు లేకుండానే తగ్గిన వాడకం

ఈ సమావేశంలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వరు. వరి వేయకూడదన్న కట్టుబాటు లేదు, జరిమానా లేదు, పాటించినవారికి రాయితీ లేదు. లెక్క చూసుకుని ఇంటికి వెళ్లి ఎవరి నిర్ణయం వారు తీసుకుంటారు. అలాంటప్పుడు వాడకం తగ్గుతుందా?

ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక ఈ ప్రాజెక్టును ప్రత్యేకంగా పరిశీలించింది. దాని ప్రకారం మూడేళ్ల కాలంలో 42 శాతం జల విభాగాల్లో రబీలో తోడే నీరు వరుసగా తగ్గింది. 51 శాతం విభాగాల్లో కొన్ని ఏళ్లు తగ్గింది, కొన్ని ఏళ్లు తగ్గలేదు. పెరిగినవి 7 శాతమే. వరి విస్తీర్ణం తగ్గడం, ఆరుతడి పంటల వైపు మళ్లడం, నీటిని పొదుపుగా పారించే పద్ధతులు పాటించడం ఇందుకు తోడ్పడ్డాయి. నీరు తగ్గించినా ఆదాయం పడిపోకపోవడం వల్లే రైతులు ఈ మార్పుకు ఒప్పుకున్నారు.

ఆ నివేదిక గుర్తించిన మరో విషయం ఇంకా ఆసక్తికరం. రైతులు ఊరి మేలు కోసం త్యాగం చేయలేదు. తమ పంట ఎండిపోయే ప్రమాదాన్ని ముందే చూసి, దాన్ని తప్పించుకున్నారు. ఫిబ్రవరిలో బోరు ఆగిపోతుందని అక్టోబరులోనే తెలిస్తే, వరి తగ్గించుకోవడం సొంత లాభమే. వేల మంది విడివిడిగా తీసుకున్న ఇలాంటి నిర్ణయాలు కలిసి ఊరి నీటిని కాపాడాయి.

ఇందులో భూగర్భ శాస్త్రం పాత్ర కూడా ఉంది. గట్టి రాతిలో నిల్వ చిన్నది కాబట్టి ఏడాది వాన ఏడాదిలోనే ఖర్చవుతుంది. తప్పుడు అంచనా వేస్తే ఫలితం అదే రబీలో కనిపిస్తుంది. సరైన అంచనా వేసినా అంతే. లెక్క నిజమో కాదో రైతు ఆరు నెలల్లో తేల్చుకోగలడు. లోతైన ఒండ్రు పొరలున్న పంజాబ్ వంటి చోట్ల ఎక్కువ తోడినా దెబ్బ తగలడానికి ఏళ్లు పడుతుంది. అక్కడ ఇదే పద్ధతి ఇంతే ఫలితం ఇస్తుందని చెప్పలేం.

నిధులు ఆగాక

ప్రాజెక్టు ముగిశాక ఈ ప్రయత్నాన్ని పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. వారి అధ్యయనాల నుంచి వచ్చిన చిత్రం మిశ్రమంగా ఉంది. నేర్చుకున్న జ్ఞానం రైతుల్లో నిలిచింది. నీటి గురించి మాట్లాడే తీరు మారింది. కానీ సంస్థాగత నిర్మాణం అంత గట్టిగా నిలవలేదు. సిబ్బంది రాకపోకలు ఆగాక క్రమం తప్పని కొలతలు, సామూహిక బడ్జెట్ సమావేశాలు చాలా చోట్ల పలచబడ్డాయి. వాడకం తగ్గడంలో ప్రాజెక్టు వాటా ఎంత, వానలు, ధరలు, ఇతర కారణాల వాటా ఎంత అన్న చర్చ కూడా సాగింది.

ఇలా జరగడానికి కారణాలు ఊహించలేనివి కావు. టేపు పాడైతే బాగుచేయించేవారు కావాలి. పదిహేను రోజులకోసారి బావుల చుట్టూ తిరిగే మనిషి శ్రమకు విలువ కట్టాలి. పంచాయతీ పద్దుల్లో దానికి చోటు లేకపోతే స్వచ్ఛంద సేవ కొన్నేళ్లకు అలసిపోతుంది. పైగా కరెంటు ధర, వరికి గిట్టుబాటు ధర, ఆరుతడి పంటల మార్కెట్ వంటివి ఊరి చేతిలో లేవు.

సమానత్వం మరో ప్రశ్న. నీటి బడ్జెట్ బోరు ఉన్నవారికి దారి చూపింది. బోరు లేని వర్షాధార రైతుకు దానివల్ల నేరుగా దక్కేది తక్కువ. అదే కాలంలో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని కొన్ని పల్లెల్లో వేరే పద్ధతిని ప్రయత్నించారు. బోర్లున్న రైతులు తమ బోర్లను పైపులైన్లతో కలిపి, బోరు లేని ఇరుగుపొరుగు పొలాలకు కూడా ఒకటి రెండు తడులు ఇచ్చారు. దానికి బదులుగా ఊళ్లో కొత్త బోర్లు వేయకూడదన్న ఒప్పందం కుదిరింది. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో ఒక్క తడి అందితే చాలు, చేతికి రాదనుకున్న పంట నిలబడుతుంది. ఈ పద్ధతులను పోల్చిన పరిశోధకులు సమాచారం ఒక్కటే చాలదనీ, పంచుకునే ఏర్పాటు, ఊరి కట్టుబాటు తోడైతేనే ఫలితం అందరికీ చేరుతుందనీ తేల్చారు.

కట్టుబాటు ఎలా పుడుతుందన్న విషయంపై మరో ఆసక్తికర ప్రయోగం జరిగింది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కలిసి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతో ఒక ఆట ఆడించాయి. ప్రతి ఆటగాడూ తక్కువ నీటి పంటో, ఎక్కువ నీటి పంటో ఎంచుకోవాలి. ఎక్కువ నీటి పంటకు ఎక్కువ లాభం. అందరి ఎంపికను బట్టి జలమట్టం పడిపోతూ ఉంటుంది. మొదటి విడతలో మాట్లాడుకోకూడదు, రెండో విడతలో మాట్లాడుకోవచ్చు. చివర ఊరందరూ కూర్చుని ఆటలో ఏం జరిగిందో చర్చిస్తారు. ఆట ఆడిన పల్లెలు ఆ తర్వాత నీటి రిజిస్టర్లు పెట్టుకోవడం, వాడకంపై నియమాలు చేసుకోవడం ఎక్కువగా జరిగిందని 2018లో వెలువడిన పరిశోధన పత్రం తెలిపింది. తమ ఊరి సమస్యను ఆట రూపంలో ముందు పెట్టుకుని చూసినప్పుడు, నింద ఎవరి మీదా పడకుండా మాట్లాడుకునే వీలు దొరికింది.

ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే దారి

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పటి అహిల్యానగర్, హివరే బజార్ గ్రామం మరో ప్రసిద్ధ ఉదాహరణ. వాన తక్కువగా పడే ఆ ఊళ్లో సాగుకు బోరుబావులు వాడకూడదని, చెరకు వంటి పంటలు వేయకూడదని గ్రామసభ నిర్ణయించుకుంది. ఏటా పడిన వానను బట్టి ఊరి నీటి లెక్క కట్టి, ముందు తాగునీటికి, ఆ తర్వాత సాగుకు కేటాయిస్తారు. ఆ కృషికి నాయకత్వం వహించిన పోపట్‌రావ్ పవార్‌కు కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. ఆంధ్రలో సమాచారం ముందు వచ్చి, కట్టుబాటు బలహీనంగా ఉండిపోయింది. హివరే బజార్‌లో కట్టుబాటు ముందు వచ్చింది, శాస్త్రీయ లెక్క దాన్ని నిలబెట్టింది.

రాజస్థాన్‌లోని ధర్తా, గుజరాత్‌లోని మేఘ్‌రజ్ ప్రాంతాల్లో 2012 నుంచి వెస్టర్న్ సిడ్నీ విశ్వవిద్యాలయం, ఉదయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్థానిక సంస్థలు కలిసి నడిపిన 'మార్వి' కార్యక్రమంలో ఊరి యువతీ యువకులు 'భూజల్ జాన్‌కార్'లుగా శిక్షణ పొందారు. ఆ మాటకు భూజలాలు తెలిసినవారు అని అర్థం. వారు వందలాది బావుల్లో వారం వారం నీటి మట్టం కొలిచారు. ఆ అంకెలను మొబైల్ ఫోన్ ద్వారా పంపించే ఏర్పాటూ చేశారు. చెక్‌డ్యామ్‌ల వల్ల ఎంత నీరు ఇంకుతోందో లెక్కించడానికి శాస్త్రవేత్తలకు ఊళ్లో తీసిన కొలతలు ఉపయోగపడ్డాయి.

ఈ ఆలోచన ప్రభుత్వ విధానంలోకీ వచ్చింది. 2019 డిసెంబరులో ప్రారంభమైన అటల్ భూజల్ యోజన ఏడు రాష్ట్రాల్లో నీటి కొరత ఉన్న ఎనిమిది వేలకు పైగా గ్రామ పంచాయతీలను ఎంచుకుంది. ఊళ్లోనే వాన, జలమట్టం కొలవడం, నీటి బడ్జెట్ తయారు చేయడం, దాని ఆధారంగా నీటి భద్రత ప్రణాళిక రాసుకోవడం ఆ పథకానికి పునాది. గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ అందులో ఉన్నాయి. పంటల నీటి బడ్జెట్‌ను వందల పల్లెల్లో ముందుగా ఆచరించి చూపిన తెలుగు నేల మాత్రం ఆ జాబితాలో లేదు.

కొలత నిలవాలంటే

ఈ అనుభవాలన్నిటినీ పక్కపక్కన పెడితే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. కొలిచేవారూ, ఆ కొలతను వాడుకునేవారూ ఒకరే అయినప్పుడు అంకె మీద నమ్మకం కుదురుతుంది. అధికారి తెచ్చిన నివేదికను రైతు పక్కన పెట్టవచ్చు గానీ, తన చేత్తో వదిలిన టేపు చూపిన లోతును కాదనలేడు. సమాచారం సరైన సమయానికి రావాలి. వరి నాటాక జనవరిలో వచ్చే హెచ్చరిక కంటే అక్టోబరులో చేతికొచ్చే ఉజ్జాయింపు లెక్క మేలు. అంకె అందరి కళ్ల ముందూ ఉండాలి. అప్పుడే అది ఒక రైతు రహస్యంగా కాక, ఊరి చర్చగా మారుతుంది.

శాస్త్రవేత్తల వైపు నుంచి కూడా ఒక మార్పు అవసరం. కొలతలు తీసిన పల్లెకు ఫలితం తిరిగి చేరకపోతే, రైతులు జీతం లేని సమాచార సేకర్తలుగా మిగిలిపోతారు. అది భాగస్వామ్యం కాదు. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో నిర్ణయించేటప్పుడు ఊరివారికి చోటుండాలి. ఏపీఫామ్స్ పల్లెల్లో ప్రశ్న రైతుదే, ఈ రబీలో ఏం వేయాలి అన్నదే. అందుకే ఆ లెక్కను వారు పట్టించుకున్నారు.

ఇక మిగిలింది ఖర్చు, బాధ్యత. ఒక వర్షమాపకం, ఒక టేపు, ఒక డ్రమ్ము, ఒక బోర్డు, కొలతలు రాసే మనిషికి నెలకు కొంత గౌరవ వేతనం. నీరు పడని ఒక్క బోరు వేయించడానికి రైతు పోగొట్టుకునే డబ్బుతో పోలిస్తే ఈ పరికరాల ఖర్చు చాలా తక్కువ. ప్రాజెక్టులు వస్తాయి, పోతాయి. పంచాయతీ, రైతు సేవా కేంద్రాల వంటి వ్యవస్థలు, భూగర్భ జల శాఖలు ఈ పనిని తమ రోజువారీ విధుల్లో చేర్చుకుంటే కొలత ఆగదు. వాన ఎంత పడాలన్నది ఏ ఊరి చేతిలోనూ లేదు. పడిన వానకు లెక్క రాసుకుని, ఆ లెక్క ప్రకారం విత్తనం ఎంచుకోవడం మాత్రం ఏ ఊరైనా చేయగలదని ఆ 638 పల్లెలు చూపించాయి.